భవన నిర్మాణం – పర్యావరణ ప్రభావ అంచనా

భవన నిర్మాణం వలన పర్యావరణానికి కలిగే నష్టాన్ని ముందే అంచనా వేసి, తగ్గించుటకు చట్టపరమైన ఏర్పాటు ఉన్నది. కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 2006 సెప్టెంబరు 14న జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపై నిర్మిత విస్తీర్ణం గల ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం.

కె.కోటపాడు వంటి మండల కేంద్రాలలోని గృహాలు, పాఠశాలలు, కార్యాలయ భవనాలు సాధారణంగా ఈ పరిమితిని చేరవు. కనుక వీటి విషయంలో ప్లాను, ఎస్టిమేటు తయారీ దశయే కీలకం. ఇటుక, సిమెంటు, ఇసుక, నీరు ఎంత అవసరమో, ఎంత దూరం నుండి తేవలసి ఉన్నదో అప్పుడే లెక్కించవచ్చు.

ఉదాహరణకు, మట్టి ఇటుకకు సారవంతమైన పైమట్టి, బట్టీకి ఇంధనం కావాలి. ఫ్లైయాష్ ఇటుకకు ఈ రెండూ అక్కరలేదు. బూడిదకు ఇసుక, సిమెంటు లేదా సున్నం కలిపి అచ్చువేసి, నీటితో క్యూరింగ్ చేస్తారు. విశాఖపట్నం జిల్లాను విభజించి 2022లో ఏర్పరచిన అనకాపల్లి జిల్లాలో కె.కోటపాడుతో పాటు పరవాడ కూడా ఉన్నది. అక్కడి ఎన్‌టీపీసీ సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు.

థర్మల్ కేంద్రాలకు 300 కిలోమీటర్లలోపు భవన నిర్మాణ సంస్థలు, ధర ప్రత్యామ్నాయ సామగ్రి కంటే ఎక్కువ కానప్పుడు, బూడిద ఉత్పత్తులను వినియోగించాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ నిర్దేశించింది. ఎస్టిమేటులోనే ఇటుక రకాన్ని స్పష్టంగా పేర్కొన్నప్పుడు పంటభూముల పైమట్టికి రక్షణ లభిస్తుంది.