రూతు ఏరుకున్న పరిగె



కోతలైపోయిన చేలో రాలి మిగిలిన గింజ ఎవరిది? చేను గలాయనదా, వంగి ఏరుకున్న మనిషిదా? ఇదేం ప్రశ్న అనుకోకండి. కోయిలకుంట్ల వైపు మా అవ్వగారి ఊళ్లో బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, పీకేసిన తరువాత ఆడవాళ్లు చిన్న పారలు పట్టుకొని నేలలో మిగిలిపోయిన కాయలు తవ్వుకునేవాళ్లు. కొర్ర కోసినాక అంతే, జొన్న కోసినాక అంతే. దాన్నే పరిగె అంటారు. అవ్వ వాళ్లను కసిరేది కాదు గాని, కుప్ప ఇంకా చేలో ఉండగా గట్టు దాటనిచ్చేది కాదు. “పంట వేరు, పరిగె వేరు” అనేది.

ఇదే మాట, ఇదే పని బైబిలు పాత నిబంధనలో రూతు గ్రంథంలో కనిపిస్తుంది. నాలుగే అధ్యాయాల కథ. బేత్లెహేములో కరువు వచ్చి ఒక కుటుంబం మోయాబు దేశానికి వలస పోయింది. అక్కడ తండ్రీ, ఇద్దరు కొడుకులూ చనిపోయారు. మిగిలింది నయోమి అనే అత్త, ఇద్దరు కోడళ్లు. సొంత ఊళ్లో మళ్లీ తిండిగింజలు పండుతున్నాయని విని నయోమి తిరుగు ప్రయాణమైంది. ఒక కోడలు పుట్టింటికి పోయింది. మోయాబు పిల్ల రూతు మాత్రం అత్తను విడవలేదు. ఇద్దరి కడుపులూ నిండాలి గనక పరిగె ఏరడానికి పోయింది. ఆ చేను బోయజు అనే బంధువుది. చివరకు ఆయనే ఆమెను పెళ్లాడతాడు. వారి మునిమనవడు దావీదు రాజు.

భాష వేరైన అత్తాకోడళ్లు ఎలా మాట్లాడుకున్నారని మీకు సందేహం రావచ్చు. 1868లో మృతసముద్రానికి తూర్పున ధీబాను అనే చోట మోయాబు రాజు మేషా వేయించిన రాతి శాసనం బయటపడింది. క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దిది. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అది చదివినాక తేలిందేమంటే, మోయాబు భాష హెబ్రీకి చాలా దగ్గర. మన కర్నూలు మాటకూ కాకినాడ మాటకూ ఉన్న తేడాలాంటిదనుకోండి. ముఖం చిట్లించుకోవడానికి పనికొస్తుంది గాని, మాట అర్థం కాకపోవడానికి చాలదు!

ఇక ఈ కథ మన మాటల్లోకి ఎలా వచ్చింది? కడపలో లండన్ మిషను వారు 1822లో పని మొదలుపెట్టారు. తెలుగు బైబిలు మాత్రం ఒక్క ఊరి పనీ కాదు, ఒక్క మనిషి పనీ కాదు. విశాఖపట్నంలో పాదరీలు, వారి పక్కన కూర్చున్న తెలుగు పండితులు ఎప్పుడో మొదలుపెట్టారు. ఆ తరువాత 1873 నుంచి 1894 దాకా సవరణ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నది మదనపల్లెలో వైద్యం చేసే అమెరికా పాదరీ డాక్టర్ జేకబ్ చాంబర్లేను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోదే. ఇలా చేతులు మారుతూ వచ్చిన తెలుగు బైబిల్లో పరిగె, కళ్లం, తూము, గవిని లాంటి మాటలు చదివితే పరాయి దేశం కథ చదువుతున్నట్టు ఉండదు. రూతు ఒక్కరోజు ఏరి దుళ్లగొట్టిన యవలు తూమెడు అయ్యాయట. మూలంలో ఉన్నది ఏఫా అనే కొలత. సుమారు ఇరవై రెండు లీటర్లని ఒక అంచనా. యవలంటే, మనం జ్వరం వచ్చినవాళ్లకు కాచి ఇచ్చే బార్లీ గింజలే.

వాన సంగతి చూడండి. యెరూషలేములో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. మన అనంతపురం సగటూ అంతే. కర్నూలు, కడప కొంచెం మెరుగు. అందుకే ఈ కథ మనకు ఇట్టే అందుతుంది. 1876–78 ధాత కరువులో ఒక్క కర్నూలు జిల్లాలోనే సుమారు నాలుగోవంతు జనం తగ్గారు. ఇప్పటికీ ఆదోని, కోసిగి పల్లెలవాళ్లు ఇళ్లకు తాళాలు వేసి సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. నయోమి కుటుంబం ఎందుకు కదిలిందో వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. అలాగే, పెద్ద రైతు బోయజు రాత్రిపూట కళ్లంలో గింజల కుప్ప పక్కన ఎందుకు పడుకున్నాడని ఎక్కడో చల్లని దేశాల్లో కూర్చున్నవాళ్లకు వ్యాఖ్యానం రాయాల్సి వచ్చింది. గాలి సాయంత్రానికి గాని తిరగదు, తూర్పారబట్టిన గింజను వదిలి ఇంటికి పోలేరు. ఇది మన ఊళ్లో పిల్లలకూ తెలుసు.

కాని తెలుసుననుకున్న చోటే పొరబడతాం సుమండీ. తెలుగు బైబిల్లో తొలకరి వాన, కడవరి వాన అనే మాటలున్నాయి. తొలకరి అనగానే మనకు మృగశిర కార్తె, జూన్ నెల. ఆ దేశంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు చినుకే పడదు. వారి తొలకరి అక్టోబరు, నవంబరుల్లో. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో. యవల కోత ఏప్రిల్ ప్రాంతాన, గోధుమ కోత దాని వెనకే. 1908లో గెజెరు అనే చోట తవ్వకాల్లో అరచేతంత సున్నపురాతి పలక దొరికింది. ఏ నెలల్లో విత్తు, ఏ నెలలో యవల కోత అని ఎవరో గీసుకున్న పట్టిక. దాదాపు మూడువేల ఏళ్ల నాటిదంటారు. రూతు పరిగె ఏరింది యవల కోత మొదలు గోధుమ కోత ముగిసేదాకా, అంటే రెండు నెలల లోపు. ఆ తరువాత ఎండిన బీడు. అందుకే ఆ సమయంలో నయోమి కోడలి పెళ్లి సంగతి తలకెత్తుకొని, కళ్లం దగ్గరికి పంపింది. ఆ నెలల లెక్క తెలియకపోతే అత్తగారి తొందరకు కారణం తెలియదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. లేవీయకాండము, ద్వితీయోపదేశకాండము చెప్పే ధర్మం ప్రకారం చేను మూలలు కోయకూడదు, రాలిన వెన్ను ఏరకూడదు. అది బీదలది, పరదేశులది, తండ్రిలేని పిల్లలది, విధవలది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నా గ్రంథమైతే అరవయ్యోవంతుకు తగ్గకూడదని లెక్క కూడా కట్టింది. ఈ లెక్కన రూతుది దానం కాదు, హక్కు. పైగా ఆమె విధవ, పరదేశి కూడా. మరి ఆమె పనివాళ్ల పెద్దను బతిమాలి సెలవు ఎందుకు అడిగింది? ఇక్కడ పండితుల్లో రెండు పక్షాలున్నాయి. అది మర్యాద అని కొందరు, ఆనాటికి శాసనం ఇంకా అంత గట్టిగా లేదని కొందరు. నాకైతే ఇంకో రెండు వాక్యాలు కనిపిస్తాయి. ఆమె జోలికి పోవద్దని బోయజు పనివాళ్లను హెచ్చరించాడు. వేరే చేలోకి పోకు, అక్కడ ఎవరైనా నీపై పడతారని నయోమి కోడలికి చెప్పింది. శాసనం గింజ ఇచ్చింది. చేలో భయాన్ని తీసేయలేదు. సుగ్గికి పోయి డేరాల్లో పడుకునే ఆడవాళ్లను అడిగితే ఈ రెండు వాక్యాలకు వ్యాఖ్యానం వాళ్లే చెబుతారు.

కథ ఎప్పుడు రాశారన్నది ఇంకా తెగలేదు. చివరి అధ్యాయంలో బేరం ఖాయం చేయడానికి చెప్పు విప్పి ఇస్తారు. “పూర్వం ఇలా ఉండేది” అని కథకుడే అర్థం చెబుతాడు. అంటే ఆయన కాలానికి ఆ ఆచారం పోయిందన్నమాట. బబులోను చెర నుంచి తిరిగి వచ్చినాక ఎజ్రా, నెహెమ్యా పరదేశి భార్యలు కూడదని పట్టుబట్టారు. ఆ కాలంలోనే, దావీదు ముత్తవ్వ మోయాబు పిల్లే కదా అని గుర్తు చేయడానికి ఇది రాశారని కొందరి వాదం. కాదు, రాజుల కాలందేనని కొందరు. ఆ గొడవ వెళ్లగొట్టడం ఎవరివల్లా కాలేదు.

ఇలాంటి చర్చకు మూలం పాత ప్రతులు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర వేమన పద్యాల తాటాకులు సేకరించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పాఠాంతరాలు చూసి, 1829లో అచ్చు వేయించాడు. బైబిలు పండితులు చేసేదీ ఆ పనే. 1947 నుంచి మృతసముద్రం గుహల్లో దొరికిన చుట్టల్లో రూతు గ్రంథం ముక్కలూ ఉన్నాయి. అంతకుముందు చేతికందిన హెబ్రీ ప్రతులకన్నా అవి సుమారు వెయ్యేళ్లు పాతవి.

ఒక్క చిన్న విషయం. ఆ రోజు మధ్యాహ్నం బోయజు రూతుకు పేలాలు పెట్టాడు. కడుపునిండా తిని, కొన్ని మిగిల్చింది. సాయంత్రం తూమెడు యవలు అత్తగారికి చూపించి, దాచి తెచ్చిన ఆ పేలాలు తీసి ఆమె చేతికిచ్చింది. నయోమి అడిగిన మొదటి మాట, “ఇవాళ ఎక్కడ ఏరావమ్మా?” అని.