మెయిజీ జపాన్: పట్టుదారంతో మొదలైన సామ్రాజ్యం

జపాన్ చరిత్రలో 1868 నుంచి 1912 దాకా నడిచిన కాలాన్ని మెయిజీ యుగం అంటారు. నడుముకు కత్తులు కట్టుకు తిరిగే సమురాయిలు, దాదాపు 260 సంస్థానాలు, బియ్యం రూపంలో కట్టే శిస్తులు ఉన్న దేశం ఆ 44 ఏళ్లలోనే రైళ్లు, ఉక్కు కర్మాగారం, ఆవిరి యుద్ధనౌకలు గల రాజ్యమైంది. తైవాన్‌ను, కొరియాను తన ఏలుబడిలోకి తెచ్చుకుంది. ఈ కథను చక్రవర్తి కథగానో మంత్రులు, సేనానుల కథగానో చెప్పడం రివాజు. దీనికంతా డబ్బు ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్తే ముందు ఎదురయ్యేది రైతు, ఆ వెనకే పట్టు మిల్లులో పనిచేసిన ఆడపిల్ల.

1853 జూలైలో అమెరికా నౌకాదళాధికారి మాథ్యూ పెర్రీ నాలుగు యుద్ధనౌకలతో ఉరాగా దగ్గర లంగరు వేశాడు. జపనీయులు వాటిని నల్ల ఓడలన్నారు. మరుసటి ఏడాది షిమోదా, హకొదాతే రేవులు తెరుచుకున్నాయి. అంతకంటే గట్టి దెబ్బ 1858 నాటి వాణిజ్య ఒప్పందాలది. వాటి ప్రకారం జపాన్ గడ్డ మీద నేరం చేసిన విదేశీయుణ్ణి అతని దేశపు కాన్సులే విచారిస్తాడు. దిగుమతి సుంకం ఎంతో జపాన్ సొంతంగా తేల్చుకునే వీల్లేదు. ఈ అవమానాన్ని అడ్డుకోలేని షోగన్ (చక్రవర్తి పేరు మీద దేశాన్ని ఏలే సేనాధిపతి) పాలన మీద సత్సుమా, చోషూ సంస్థానాల సమురాయిలు తిరగబడ్డారు. 1868లో 15 ఏళ్ల చక్రవర్తి ముత్సుహితోను ముందు నిలుపుకుని అధికారం చేపట్టారు. ఎడో నగరం టోక్యో అయింది.

1871లో సంస్థానాలు రద్దయ్యాయి. ఆ డిసెంబరులోనే ఇవాకురా తొమోమి నాయకత్వంలో కీలక నేతలు చాలామంది అమెరికా, ఐరోపా యాత్రకు ఓడెక్కారు. ఒప్పందాల సవరణ గురించి అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు. రేవులు, కర్మాగారాలు, పార్లమెంటులు, జైళ్లు చూసి 1873 సెప్టెంబరులో తిరిగొచ్చారు. వారి వెంట చదువు కోసం ఐదుగురు ఆడపిల్లలు కూడా వెళ్లారు. అందరిలో చిన్నది, ఆరేళ్ల త్సుదా ఉమెకో, 1882లో ఇంటికి వచ్చేసరికి అమ్మభాష మరిచిపోయింది. 1900లో టోక్యోలో ఆడవాళ్ల చదువుకు బడి తెరిచింది ఆమే.

1873 నాటి భూమిశిస్తు సంస్కరణ కొత్త ప్రభుత్వానికి వెన్నెముక. పంటలో వాటా పోయి, భూమి విలువలో 3 శాతం నగదుగా కట్టే పద్ధతి వచ్చింది. ఖజానాకు రాబడి నిలకడగా ఉంటుంది, కరువొచ్చినా ధర పడినా భారం రైతుదే. తిరుగుబాట్లు చెలరేగాక 1877లో దాన్ని 2.5 శాతానికి తగ్గించారు. అదే 1873లో నిర్బంధ సైనిక సేవ కూడా మొదలైంది. ప్రకటనలో వాడిన ‘రక్తపు పన్ను’ అనే మాటను పల్లెలు అక్షరాలా నమ్మాయి. నిజంగానే నెత్తురు తీస్తారని భయపడి జనం తిరగబడ్డారు. ఆ రైతుబిడ్డలతో ఏర్పడిన సైన్యమే 1877లో సైగో తకమోరి వెంట లేచిన సత్సుమా సమురాయిలను ఓడించింది.

యంత్రాలు, ఓడలు కొనాలంటే విదేశీ మారకం కావాలి. జపాన్ దగ్గర అమ్మడానికి ఉన్న మేలైన సరుకు పట్టుదారం. ఐరోపాలో పట్టుపురుగులకు తెగులు సోకడంతో గిరాకీ పెరిగింది. 1872లో ప్రభుత్వం తొమియోకాలో, ఫ్రెంచి నిపుణుడు పాల్ బ్రూనా పర్యవేక్షణలో, 300 తొట్లతో నమూనా మిల్లు పెట్టింది. అయితే పనికి పిల్లలు రాలేదు. ఫ్రెంచివాళ్లు తాగే ఎర్రటి ద్రాక్షసారా మనిషి నెత్తురేనని పుకారు పుట్టింది. మిల్లు అధికారి ఒదకా అత్సుతదా తన కూతుర్నే మొదటి కార్మికురాలిగా చేర్చి ఆ భయం పోగొట్టాడు.

పని చూడటానికి తేలిక, చేతికి కష్టం. వేడినీళ్ల తొట్టిలో నానుతున్న పట్టుగూళ్ల నుంచి పోగు కొస వెతికి పట్టుకోవాలి. ఒక్కో పోగు కంటికి ఆననంత సన్నం. కొన్నింటిని కలిపితేనే దారం అవుతుంది. ఒకటి తెగితే వెంటనే కొత్త గూటి కొస అందించాలి, లేకపోతే దారం మందం మారి ధర పడిపోతుంది. ఇక్కడ పని నేర్చుకున్న వాదా ఎయి వంటి పిల్లలు సొంతూళ్లకెళ్లి ఇతరులకు నేర్పారు. తొమియోకాలో ఆదివారం సెలవుండేది. తర్వాత సువా సరస్సు చుట్టూ వెలసిన ప్రైవేటు మిల్లుల్లో రోజుకు 13, 14 గంటల పని. తండ్రికి అడ్వాన్సు ఇచ్చి కూతురి చేత ఒప్పందం రాయించుకునేవారు. హిదా కొండపల్లెల పిల్లలు 1,672 మీటర్ల ఎత్తున్న నొముగి కనుమను మంచులో కాలినడకన దాటి అక్కడికి చేరేవారు. 1909 నాటికి ముడిపట్టు ఎగుమతిలో జపాన్ చైనాను మించిపోయింది. ఆ అంకె చదివినప్పుడు నాకు ఆ కనుమే గుర్తొస్తుంది.

తనకు జరిగిన అన్యాయాన్నే జపాన్ పొరుగు దేశానికి చేసింది. 1876లో యుద్ధనౌకలు పంపి కొరియా చేత గంఘ్వా ఒప్పందం మీద సంతకం పెట్టించింది. కొరియాలో తన పౌరుల్ని తన కాన్సులే విచారించాలన్న షరతు అందులోనూ ఉంది. 1894-95లో చైనాను ఓడించి తైవాన్‌ను, 20 కోట్ల టేళ్ల వెండి పరిహారాన్ని రాబట్టుకుంది. ఆ సొమ్ములో ఎక్కువ భాగం సైన్యానికీ నౌకాదళానికీ పోయింది. కొంత యవాతా ఉక్కు కర్మాగారానికి పెట్టారు. అది 1901లో పని మొదలుపెట్టింది.

తర్వాత రష్యాతో యుద్ధం వచ్చింది. 1905 మేలో సుషిమా జలసంధిలో జపాన్ అడ్మిరల్ తోగో రష్యా నౌకాదళాన్ని ముంచేశాడు. ఆసియా అంతటా ఉత్సాహం పొంగింది. కుర్రాడైన నెహ్రూ కూడా ఆ వార్తల కోసం ఎదురుచూశాడు. తర్వాత జైలు నుంచి కూతురికి రాసిన లేఖల్లో మాత్రం, ఆ గెలుపు దురాక్రమణ రాజ్యాల జాబితాలో ఇంకొకటి చేర్చిందనీ, దాని చేదు ముందుగా కొరియా రుచి చూసిందనీ రాశాడు. 1910లో కొరియా పూర్తిగా జపాన్ వశమైంది.

1911లో సుంకాల మీద పూర్తి అధికారం జపాన్‌కు తిరిగి దక్కింది. అదే ఏడాది ఆడవాళ్లు, 15 ఏళ్ల లోపు పిల్లలు రోజుకు 12 గంటలకు మించి పనిచేయరాదంటూ ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. అది అమలయ్యేసరికి 1916 అయింది. పట్టు మిల్లులకు మరో రెండు గంటలు ఎక్కువ పనిచేయించుకునే వెసులుబాటు ఇచ్చారు.