దక్కను సీమలో అశ్వ సంకరం: బీదరు – నారాయణఖేడ్ ప్రాంత చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

షో జంపింగ్ పోటీలకు గుర్రాలను పెంచేవారు థరోబ్రెడ్ వేగాన్ని, వార్మ్‌బ్లడ్ జాతుల బలాన్ని, నిదానాన్ని ఒకే పిల్లలో ఆశిస్తారు. ఇందుకు ఎంచుకునే మగగుర్రం గురించి జరిగినంత చర్చ తల్లి గురించి జరగదు. ఈ మొగ్గు ఎంత సమంజసమో నిర్ణయించడానికి దక్కను చరిత్ర తోడ్పడుతుంది. నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న నారాయణఖేడ్ 1956 వరకు బీదరు జిల్లాలోని తాలూకా. బీదరు ఒకప్పుడు గుర్రాల వర్తకానికి ప్రధాన కేంద్రం.

కొనుగోలు సంప్రదాయం

15వ శతాబ్దంలో బహమనీల రాజధాని బీదరుకు వచ్చిన రష్యన్ వర్తకుడు అఫనాసీ నికితిన్ అమ్మకానికి ఒక మగగుర్రాన్ని వెంట తెచ్చాడు. ఈ దేశంలో గుర్రాలు పుట్టవని, అళంద సంతలో ఇరవై వేల గుర్రాల వరకు అమ్ముడవుతాయని రాసుకున్నాడు. మొదటి మాటను యథాతథంగా స్వీకరించలేము. స్థానికంగా తట్టువలు ఉండేవి. యుద్ధానికి తగిన గుర్రం మాత్రం అరేబియా, పారశీక తీరాల నుండి రావలసి వచ్చేదని దానిని అన్వయించుకోవాలి.

తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ వంటి రచనలకు మూలమైన అశ్వశాస్త్ర సంప్రదాయం రంగు, సుడి, అవయవాల పొందికలను పరీక్షిస్తుంది. కొనేవారికి ఆ జ్ఞానం ఎంతో అవసరం. పెంచేవారికి అదొక్కటే చాలదు.

దక్కనీ గుర్రం

భీమా, నీరా నదీలోయల్లో స్థానిక గోడిగలకు, అరబ్బీ, తురుష్క మగగుర్రాలకు కలిగిన సంతతి నుండి దక్కనీ లేదా భీమ్‌థడీ జాతి రూపొందిందని సంప్రదాయం చెబుతుంది. చిన్న శరీరం, గట్టి గిట్టలు, ఓర్పు దీని లక్షణాలు. మరాఠా ఆశ్వికదళానికి ఇది ఆధారం. 19వ శతాబ్దంలో సైనిక కొనుగోళ్లలో ఆస్ట్రేలియా నుండి వచ్చిన వేలర్ గుర్రాలకు ప్రాధాన్యం పెరిగింది. ఆ కాలంలో దక్కనీ జాతికి వంశావళి గ్రంథం ఏర్పడలేదు. 1886లో గుర్రప్పందేలు మలక్‌పేటకు మారాయి. పందేనికి వేగమే కొలమానం కాబట్టి ఆ మైదానంలో దక్కనీ గోడిగకు చోటు లేదు.

యూరప్ అనుభవం

థరోబ్రెడ్ వంశావళి గ్రంథం 1791లో ఇంగ్లండులో వెలువడింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జర్మనీలో సేద్యానికి యంత్రాలు రాగా, హోల్‌స్టైన్ రైతులు తమ బరువైన గోడిగలను వదులుకోలేదు. వాటి మాతృవంశాలను నమోదు చేసి, 1960లలో లేడీకిల్లర్ అనే థరోబ్రెడ్‌తో దాటించారు. దాని కొడుకులు లాండ్‌గ్రాఫ్, లార్డ్ దూకే గుర్రాల వంశకర్తలయ్యాయి. తల్లి వైపు నుండి వెనుకకాళ్ల బలం, నిదానం లభించగా, తండ్రి వైపు నుండి చురుకుదనం, దమ్ము, తేలికపాటి నిర్మాణం లభించాయి. థరోబ్రెడ్ పాలు మితిమీరితే ఉద్రేకం పెరిగి, గుర్రాన్ని అదుపు చేయడం కష్టమయ్యే అవకాశముంది. అందుచేత తరువాతి తరంలో మళ్లీ వార్మ్‌బ్లడ్‌తో కలపడం ఆనవాయితీ.

1956 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హల్లా తండ్రి బండి పందేల జాతికి చెందినది. హల్లా పిల్లలలో ఏదీ తల్లికి సాటి రాలేదు. ఒక గుర్రం ప్రతిభ వేరు, వంశంలో నిలిచే గుణం వేరు.

ముగింపు

దక్కనుకు మేలైన మగగుర్రాల కొరత ఎన్నడూ లేదు; శతాబ్దాలపాటు అవి సముద్రం దాటి వచ్చాయి. లోపించినది గోడిగల వంశాలను తరతరాలుగా నమోదు చేసే వ్యవస్థ. సంకరంలో ముందుగా తల్లి వంశాన్ని తెలుసుకోవాలి. దానిలో కొరవడిన గుణాన్ని బట్టి తండ్రిని ఎంచుకోవాలి. మిగిలిన దక్కనీ గోడిగల నమోదు ఆలస్యమైతే, ఎంత ధర పెట్టినా ఆ మాతృవంశాలు తిరిగి దొరకవు.