ఇంటి వ్యాయామానికి ఎలిప్టికల్: కంచన్‌బాగ్ ఇళ్లలో ఎంపిక

ఎలిప్టికల్ నిలబడి తొక్కే వ్యాయామ యంత్రం. మన దుకాణాల్లో దీన్ని క్రాస్ ట్రైనర్ అని కూడా అంటారు. పెడల్ దీర్ఘవృత్తాకారంలో తిరుగుతుంది, పాదం దాని మీద నుంచి లేవదు. చేతి పిడులు ముందుకీ వెనక్కీ ఆడుతుంటాయి కాబట్టి కాళ్లతో పాటు భుజాలకూ పని పడుతుంది. అమెరికాకు చెందిన ప్రీకోర్ కంపెనీ 1995లో దీన్ని వ్యాయామశాలలకు తెచ్చింది. ఇళ్లలోకి వచ్చిన రకాలు వాటికంటే తేలికైనవి, పొట్టివి. ఎంపికలో వచ్చే చిక్కులన్నీ ఆ పొట్టితనం దగ్గరే మొదలవుతాయి.

హైదరాబాద్ ఆగ్నేయ భాగంలో సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్టల పక్కన ఉన్న కంచన్‌బాగ్ రక్షణ సంస్థలకు పేరుపడింది. క్షిపణుల పరిశోధనశాల డీఆర్‌డీఎల్, లోహాల పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిధాని అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒకవైపు సంస్థల గోడలు, ఉద్యోగుల క్వార్టర్లు. మరోవైపు హఫీజ్ బాబానగర్ వంటి బస్తీల్లో ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, ఇరుకు మెట్లు. యంత్రం ఒకటే అయినా ఈ రెండు రకాల ఇళ్లలో ఒకేలా పనికిరాదు.

మనిషి కాలికి ఒక పరికరం సరిపోవడమంటే ఏమిటో చెప్పే ఉదాహరణ ఈ పరిశోధనశాలల చరిత్రలోనే ఉంది. పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న కాలిపర్లు, అంటే కాలికి ఊతమిచ్చే లోహపు చట్రాలు, ఈడ్చుకుంటూ నడవడం డీఆర్‌డీఎల్‌లో పనిచేసిన అబ్దుల్ కలాం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో చూశారు. అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికైన పదార్థంతో, సుమారు 300 గ్రాముల బరువుతో కొత్త కాలిపర్లు చేయించారు. వాటిని తొడుక్కున్న పిల్లలు చకచకా నడవడం తనకు దక్కిన గొప్ప ఆనందాల్లో ఒకటని ఆయన చాలా సభల్లో చెప్పారు. ఆ పరికరం విలువ తేలింది పిల్లల నడకలో. ఎలిప్టికల్ విషయంలోనూ అంతే: కొనేవారి అంగకు సరిపోని యంత్రానికి ఎన్ని హంగులున్నా అది నాలుగు రోజులకే మూలన పడుతుంది.

అంగ పొడవు

అందువల్ల మొదట చూడాల్సింది అంగ పొడవు, అంటే పెడల్ ముందు కొస నుంచి వెనుక కొసకు ఉండే దూరం. చవక రకాల్లో ఇది 12 నుంచి 16 అంగుళాలు ఉంటుంది. ఐదున్నర అడుగుల మనిషికి 18 అంగుళాల దగ్గర హాయిగా ఉంటుంది, ఆరడుగుల వారికి 20 కావాలి. అంగ చాలకపోతే కాలు ముందుకు సాగదు, ఉన్నచోటే పైకీ కిందికీ దంచినట్టవుతుంది. మోకాలు బొటనవేలిని దాటి ముందుకు వంగుతుంది, పది నిమిషాలకే తొడ ముందు కండ మండుతుంది. పెడళ్ల మధ్య ఎడం కూడా ముఖ్యమే. అది మరీ ఎక్కువైతే కాళ్లు దూరంగా పెట్టి నిలబడాలి, ఆ ఒత్తిడి తుంటికి, నడుముకు తగులుతుంది.

తరువాత ఫ్లైవీల్, అంటే పెడల్ తొక్కితే తిరిగే బరువైన చక్రం. కంపెనీలు దాని బరువును కిలోల్లో గొప్పగా చెబుతాయి. కానీ తిరిగే చక్రానికి ఊపు బరువు ఒక్కదాని వల్లే రాదు. ఆ బరువు అంచు వైపు ఎంత ఉంది, పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఆరు కిలోల చక్రం ఉన్నది ఎనిమిది కిలోల దానికంటే సాఫీగా నడవవచ్చు. ఊపు చాలని యంత్రంలో పెడల్ పై కొస, కింది కొస దగ్గర ప్రతిసారీ చిన్న ఆటంకం పాదానికి తెలుస్తుంది. బిగువు పెంచే పద్ధతుల్లో అయస్కాంతంతో పనిచేసేదే మేలు. చక్రం అంచుకు అయస్కాంతం దగ్గరయ్యే కొద్దీ లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి కదలికను అడ్డుకుంటాయి. రాపిడి లేదు కాబట్టి అరుగుదల, చప్పుడు ఉండవు. చక్రాన్ని ఒరుసుకుని బిగువు పెంచే పాత రకం ఫెల్ట్ ప్యాడ్ కొన్నాళ్లకు అరిగిపోయి కీచుమంటుంది.

మోకాళ్లకు ఎంత మేలు?

మోకాళ్లకు భారం ఉండదన్న మాట సగమే నిజం. కృత్రిమ మోకాలి లోపలే సెన్సర్లు అమర్చి చేసిన కొలతల్లో, ఎలిప్టికల్ తొక్కేటప్పుడు మోకాలిపై పడే భారం పరుగు కంటే బాగా తక్కువగా, ట్రెడ్‌మిల్ నడకతో దాదాపు సమానంగా తేలింది. సైకిల్ తొక్కుడు భారం వీటన్నిటికంటే తక్కువ. కాబట్టి నడవగలిగి, నడవడానికి చోటున్నవారికి ఇది నడకను మించిన మేలు చేస్తుందని చెప్పలేం. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, వానాకాలపు రోడ్లు, ఇంటి పనుల మధ్య అరగంట మాత్రమే చిక్కే ఆడవాళ్ల తీరిక చూస్తే మాత్రం ఇంట్లో యంత్రం ఉండటంలో న్యాయముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెబుతోంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. అందుకే రోజూ చేయగలిగే వ్యాయామం ఏదైనా విలువైనదే.

తెర మీద కనిపించే క్యాలరీలను మాత్రం నమ్మకూడదు. 70 కిలోల మనిషి మధ్యస్థ వేగంతో అరగంట తొక్కితే ఖర్చయ్యేది సుమారు 175 క్యాలరీలు. చాలా యంత్రాలు దీనికంటే ఎక్కువ చూపిస్తాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20957 ప్రకారం ఇంటి వాడకపు యంత్రానికి హెచ్ తరగతి, వ్యాయామశాలకు ఎస్ తరగతి ఉంటాయి. అంకెల కచ్చితత్వానికి ఎ, బి, సి అని వేరే తరగతులున్నాయి, వాటిలో సి అన్నిటికంటే కింది మెట్టు. మాట్లాడగలుగుతూ పాడలేని స్థితిలో ఉంటే శ్రమ సరిపోయినట్టే, దానికి తెర అక్కర్లేదు.

ఇంటి కొలతలు

యంత్రం నేల మీద పట్టే చోటు గురించి అందరూ అడుగుతారు, ఎత్తు సంగతి చాలామందికి తట్టదు. పెడల్ పైకి వచ్చినప్పుడు నేల నుంచి అడుగు, అడుగుంపావు ఎత్తులో ఉంటుంది. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి తల ఏడడుగుల దాకా పోతుంది. ఏడడుగుల ఎత్తులో సజ్జ ఉన్న గదిలో దాని కింద తొక్కడం కుదరదు. శ్లాబు తక్కువ ఎత్తులో ఉంటే నేరుగా ఫ్యాను కింద కూడా పెట్టకూడదు, కాస్త పక్కకు జరిపితే గాలీ తగులుతుంది. నికరమైన యంత్రం 60 కిలోలకు పైనే ఉంటుంది కాబట్టి మెట్ల మలుపు వెడల్పు కొలుచుకోవాలి. దాన్ని విడిభాగాలుగా ఇచ్చి పైఅంతస్తులోనే బిగిస్తారో లేదో ముందే ఖాయం చేసుకోవాలి. కింది అంతస్తు ఇళ్లకు మరో లెక్క ఉంది. 2020 అక్టోబరులో గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్ ఇళ్లలోకి నీళ్లు చేరాయి. బేరింగులు, చక్రం నేలకు జానెడు ఎత్తులోనే ఉండే ఈ యంత్రం అలాంటి నీళ్లలో ఒక్కసారి నానితే మళ్లీ బాగుపడటం కష్టం.

చీర కుచ్చిళ్లు, దుపట్టా, సల్వార్ అంచు కదిలే కడ్డీల మధ్య చిక్కుకుంటాయి. ఎక్కేముందు వాటిని దోపుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో పెడల్ తిరగకుండా ఆపే తాళం లేని యంత్రం కొనడం తప్పు. పెద్దవాళ్లు దిగాక కూడా చక్రం కొంతసేపు తిరుగుతుంది, పిల్లల వేళ్లు ఆ కీళ్ల దగ్గరకే పోతాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు పెడల్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడాలి. టకటక కొడితే బుష్‌లు పోయినట్టు. ముందుకొకసారి, వెనక్కొకసారి తొక్కాలి. గదిలో ఫ్యాను ఆపి చప్పుడు వినాలి. గుండె జబ్బు, మోకాలి మార్పిడి ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. కొత్తదైనా పాతదైనా ఫొటో చూసి డబ్బు పంపకండి. రోజూ వేసుకునే బూట్లతో వెళ్లి పదిహేను నిమిషాలు ఆగకుండా తొక్కండి, పాదం తిమ్మిరెక్కినా మోకాలు పట్టేసినా ఆ యంత్రాన్ని వదిలేయండి.