పోలీసు పటేలు నుండి పురపాలిక వరకు

ఊరి కాపలా ఎవరిది? అది సరిగా జరుగుతున్నదా లేదా అని అడుగవలసినది ఎవరు? మా పరిగి పూర్వచరిత్రను తలచుకొన్నప్పుడల్లా నాకీ ప్రశ్న ఎదురవుతుంది.

నిజాం ఏలుబడిలో తెలంగాణ పల్లెలలో శాంతిభద్రతలు పోలీసు పటేలువి, శిస్తు వసూలు మాలీ పటేలుది, లెక్కలు పట్వారీవి. పోలీసు పటేలు చేతిక్రింద శేత్‌సిందీలు కావలి కాసేవారు. ఆ పదవులు వంశపారంపర్యాలు. పటేలు సంజాయిషీ చెప్పుకోవలసినది పై అధికారులకే గాని ఊరివారికి కాదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. పటేలు పెత్తనం పోయింది. అయితే కాపలా బాధ్యత పంచాయతీకి దక్కలేదు; ఠాణాదే అయింది.

1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 అంశాలను పేర్కొన్నది. వాటిలో పోలీసు లేదు. పట్టణాలకు 74వ సవరణ పేర్కొన్న 18 అంశాలలో అగ్నిమాపక సేవ ఉన్నది. 2018లో పరిగి పురపాలక సంఘమైంది. అయినా మన రాష్ట్రంలో అగ్నిమాపక దళం రాష్ట్ర శాఖ చేతిలోనే ఉన్నది. వీధిదీపం వెలగకపోతే కౌన్సిలరును నిలదీయవచ్చు. రాత్రి గస్తీ రాకపోతే మాత్రం ఆ కౌన్సిలరూ మనవలె ఠాణాకు అర్జీ పెట్టుకోవలసినదే.

వంశం పోయి ఓటు వచ్చింది. కాపలాను గురించి లెక్క అడిగే అధికారం మాత్రం ఊరికి ఇంకా రాలేదనే నాకు తోస్తున్నది.