అంగన్‌వాడీ అక్కకు ఎవరు నేర్పారు?



మనలో చాలామందిమి అంగన్‌వాడీ అన్నం తిని పెరిగినవాళ్లమే. మరి చిన్నపిల్లలకు ఏం పెట్టాలో, ఎలా తినిపించాలో ఆ అక్కకు ఎవరు నేర్పారు? ఈ చరిత్రలో మన గూడేలు కూడా ఉన్నాయి, అందుకే రాస్తున్నాం.

1970లో కేంద్రం ప్రత్యేక పోషకాహార కార్యక్రమం పెట్టింది. మురికివాడల్లో, గిరిజన ప్రాంతాల్లో పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు తిండి ఇవ్వడం దాని పని. కానీ తిండి పంచితేనే సరిపోదు కదా. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ 33 బ్లాకుల్లో మొదలైంది, అందులో గిరిజన బ్లాకులూ ఉన్నాయి. ఈసారి ఊరి ఆడమనిషినే కార్యకర్తగా తీసుకుని ట్రైనింగ్ ఇచ్చారు. పిల్లల్ని తూకం వేసి చార్టులో గుర్తు పెట్టడం, తల్లులకు తిండి గురించి చెప్పడం ఆమె పనే. ఐసీడీఎస్ ఆరు సేవల్లో పోషణ, ఆరోగ్య విద్య ఒకటి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ అప్పటికే ఒక మాట గట్టిగా చెప్పారు. మన పిల్లలకు అసలు కొరత ఖరీదైన ప్రొటీన్ పొడి కాదు, ఇంటి తిండే కడుపునిండా అందకపోవడం అని.

ఆ మాట మా గూడెం దాకా సరిగ్గా రాలేదు. మా చిన్నప్పుడు సెంటర్ గోడ మీద చార్టులో యాపిల్, ద్రాక్ష ఉండేవి. రాగి జావ లేదు, సామలు లేవు, చింతచిగురు లేదు. అక్క మన ఆడపడుచే, ఇంట్లో జావ తాగే వచ్చేది. కానీ చార్టులో ఉన్నదే చెప్పేది. తప్పు ఆమెది కాదు, ఆమెకు నేర్పిందే అది. మేమేమో మనది బలం లేని తిండి అనుకున్నాం. హాస్టల్‌కొచ్చాక జావ తాగుతామని చెప్పడానికి సిగ్గుపడ్డాం. తీరా చదివితే, రాగుల్లో బియ్యం కంటే ఎన్నో రెట్లు కాల్షియం ఉందట!

2013 ఆహార భద్రత చట్టం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ ఉన్న తిండిని హక్కు చేసింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. అదే ఏడాది మే 10న అంగన్‌వాడీ కార్యకర్తల కోసం 'పోషణ్ భీ పఢాయీ భీ' శిక్షణ మొదలైంది.

మేం అడిగేది ఒక్కటే. ట్రైనింగ్ హాల్లో మన గింజలు, మన ఆకుకూరలు బల్ల మీద ఉండాలి, మన భాషలో మాట నడవాలి. డిగ్రీ అయ్యాక మనలో కొందరైనా ఆ నేర్పే చోట నిలబడాలి. ఈ సెలవులకు ఇంటికెళ్తే మీ సెంటర్ గోడ మీద చార్టు చూడండి. అందులో మీ అమ్మ వండేది ఉందా?

జై ఆదివాసీ!