జిల్లా పరిషత్తు నుండి స్పీకరు కుర్చీకి



మొన్న శామీర్‌పేట వైపు గృహకూడికలో ఒక తమ్ముడు అడిగాడు: "పాస్టరుగారూ, వార్డు మెంబరుకు నిలబడమని ఊళ్లోవాళ్లు అంటున్నరు. మనం నిలబడొచ్చా?" పక్కనున్న పెద్దలు "రాజకీయం బురద, మనకెందుకు బిడ్డా" అన్నారు. నేను ప్రార్థన చేసి చెబుతానన్నాను. నిజానికి జవాబు తప్పించుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక సహోదరి ఇదే అడిగితే వద్దని ఆపింది నేనే. ఆ వాడలో నల్లా నీళ్ల గురించి గట్టిగా అడిగే మనిషి ఇప్పటికీ లేడు.

ఇంటికొచ్చాక జి.ఎం.సి. బాలయోగి గారు గుర్తొచ్చారు. గచ్చిబౌలి స్టేడియం మీద ఆ పేరు మీరు చూసే ఉంటారు, ఆయనెవరో పిల్లలకు తెలియదు.

ఆయన 1951లో కోనసీమలోని ఎదుర్లంకలో దళిత కుటుంబంలో పుట్టారు. లా చదివి కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షులయ్యారు. జిల్లా పరిషత్తు అంటే ఏమిటి? బడి గదులు, తాగునీరు, ఊరి రోడ్లు. పేపర్లలో పెద్దగా రాని పని. అక్కడి నుండి 1991లో అమలాపురం ఎంపీగా లోక్‌సభకు వెళ్లారు. 1996లో ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం ఉపఎన్నికలో శాసనసభకు గెలిచి రాష్ట్రంలో మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ ఎంపీ. అదే ఏడాది మార్చి 24న లోక్‌సభ స్పీకరు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1999 ఏప్రిల్ 17. వాజ్‌పేయి ప్రభుత్వంపై విశ్వాస తీర్మానం. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి, కానీ లోక్‌సభ సభ్యత్వం ఇంకా వదులుకోలేదు. ఆయన ఓటు వేయవచ్చా? బాలయోగి గారి సొంత పార్టీ తెలుగుదేశం ప్రభుత్వం పక్షాన ఉంది. అయినా స్పీకరు గమాంగ్‌ను ఆపలేదు, ఆయన మనస్సాక్షికే వదిలేశారు. 269, 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఆ నిర్ణయం సరికాదని వాదించినవారు ఉన్నారు. నేను న్యాయం తేల్చేవాడిని కాను. తన పక్షానికి నష్టం రాగలదని తెలిసీ కుర్చీని పార్టీకి ఇవ్వలేదన్నది మాత్రం నాకు కనిపిస్తుంది.

అదే 1999లో, ఎన్నికల తర్వాత, ఆయనను మళ్లీ స్పీకరుగా ఎన్నుకున్నారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయారు.

ఆయనను మన విశ్వాసుల లెక్కలో వేయాలని ఇది రాయడం లేదు. అయితే రోమా పత్రిక చివరి అధ్యాయంలో పౌలు వందనాలు పంపేవారి మధ్య ఎరస్తు అనే సహోదరుడున్నాడు, పట్టణపు ఖజానాదారుడు. నేటి మాటల్లో మునిసిపాలిటీ లెక్కలు చూసే మనిషి. ఆ ఉద్యోగం మానుకొమ్మని పౌలు రాయలేదు. సెమినరీలో ఈ వచనాన్ని చదివి దాటేశాం, ఎవరూ ఆగలేదు.

ఆ తమ్ముడికి ఫోను చేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుందాం, పెద్దలను కూడా పిలుస్తానన్నాను. దానికి ముందు ఆ సహోదరి ఇంటికి వెళ్లాలి.